దినచర్యలో దైవభక్తి

శ్రీకూర్మములో తెల్లవారుజామున మొదట వినవచ్చునది కూర్మనాథస్వామి ఆలయపు గంట. తరువాత శ్వేతపుష్కరిణి మెట్లపై బిందెల చప్పుడు, పశువులను అదలించువారి కేకలు, శ్రీకాకుళము పోవు మొదటి బస్సు కూత. ఈ చప్పుళ్ళ నడుమనే, గార ప్రాంతపు పల్లెలలో అక్కడక్కడ నున్న క్రైస్తవ కుటుంబములు కూడ మేల్కొని, చాపపై మోకరించి, ఆ దినమును దేవునికి అప్పగించి, పొలమునకో కొట్టునకో కచేరికో బయలుదేరుచుండును. మేము అట్టి యొక కుటుంబమునకు చెందినవారము. మందిరములో వారమున కొకమారు వినిపించు భక్తిని గూర్చి పెద్దలు చాల చెప్పియున్నారు. ఆదివారము గడచిన పిదప మిగులు ఆరు దినములలో ఆ భక్తి ఏమగుచున్నది అను విషయమును గూర్చి శ్రోతలతో కొంచెము ముచ్చటింపవలెనని మా కోరిక.

ఈ ఊరికి వచ్చిన వారెల్లరు ఆలయ ప్రాంగణములో పెంచుచున్న నక్షత్రపు తాబేళ్ళను చూడక పోరు. పిల్లలు వానికి ఆకుకూరలు వేసి, అవి తల బయటకు చాచు వఱకు ఓపికతో కనిపెట్టుకొని యుందురు. స్థితప్రజ్ఞుడు తన యింద్రియములను తాబేలు అవయవములను వలె లోనికి ముడుచుకొనునని భగవద్గీతలో చెప్పబడిన పోలిక మన ప్రాంతమున చదువురాని వారికిని పరిచితమే. అది గొప్ప పోలిక. అయినను ఆ తాబేళ్ళ యెదుట నిలిచినప్పుడెల్ల మాకు వేఱొక సందేహము కలుగుచుండును. అవయవములను ముడుచుకొన్న తాబేలు ఎక్కడ నున్నది అక్కడనే యుండును; నడువవలెనన్న కాళ్ళు బయట పెట్టక తప్పదు. సంసారి కూడ అంతే. నాగలి పట్టవలెను, బేరము చేయవలెను, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రియంతయు మేలుకొని యుండవలెను. కాళ్ళు చేతులు అన్నియు బయట పెట్టి నడచుచున్న వాని మనస్సు దేవుని యందు నిలిచియుండుట ఎట్లు?

ఈ ప్రశ్నకు మన ప్రాంతమున పుట్టిన యొక మహనీయుని జీవితము కొంత సమాధానము చెప్పుచున్నది. ఆయన పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవులలో ఆయన పాట పాడని ఇల్లు లేదనిన అతిశయోక్తి కాదు. 1803వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనపురమున ఆయన జన్మించెను. వంగదేశము నుండి వచ్చి యీ సీమలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది. తల్లి సుభద్ర, తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. ఆ పేరు వినిన శ్రీకూర్మవాసులకు వేఱుగ చెప్పనక్కరలేదు. తండ్రికి ఈ క్షేత్రస్వామి నామము, కుమారునికి పూరీక్షేత్రస్వామి నామము. పూరీ నుండి శ్రీకూర్మము మీదుగా సింహాచలమునకు సాగు యాత్రికుల త్రోవయే ఆ యింటి వారి పేర్లలో నున్నదని మాకు తోచును.

ఆ కాలమున విశాఖపట్టణము మన ప్రాంతమున క్రైస్తవ గ్రంథములకు కేంద్రముగ నుండెను. 1805లో అచ్చటికి వచ్చిన లండను మిషనరీలు తెలుగు నేర్చుకొని, తెలుగు పండితుల సహాయముతో సువార్తలను అనువదించుటకు పూనుకొనిరి. 1818 నాటికి క్రొత్త నిబంధన తెలుగున అచ్చయ్యెను. అట్టి పుస్తకములు, చిన్న కరపత్రములు చేతులు మారుచు పల్లెలకు చేరుచుండెడివి. పురుషోత్తమ చౌదరి చేతికిని అట్లే చేరినవి. శ్రీకాకుళములో నుండిన హెలెన్ నాట్ అను ఆంగ్లవనిత ఆయనకు తోడ్పడెను. 1833లో, తన 30వ యేట, ఆయన కటకమున బాప్తిస్మము పొందెను.

ఆ సంవత్సరమును కొంచెము నిదానించి చూడవలెను. మతము మార్చుకొన్న వానికి పిత్రార్జితములోని హక్కు పోరాదని చెప్పిన చట్టము 1850లో గాని రాలేదు. అనగా 1833లో ఒకడు ఇట్టి నిర్ణయము చేసికొనిన, బంధువుల ప్రేమతో పాటు తన భాగమునకు రావలసిన భూమిని కూడ వదలుకొనుటకు సిద్ధపడి యుండవలెను. ఇది సాహసమే. సభలలో ఆయనను గూర్చి ప్రసంగించువారు సాధారణముగ ఈ సాహసము వద్దనే ఆగిపోవుదురు. వినువారికి ఒడలు గగుర్పొడుచును, ప్రసంగము ముగియును.

మాకు అంతకన్న ఆశ్చర్యము గొలుపునది తరువాతి లెక్క. ఆయన 1890లో పరమపదించెను. బాప్తిస్మము పొందినది ఒక్క దినము. అటుపిమ్మట జీవించినది 57 సంవత్సరములు. ఆ 57 సంవత్సరములలో ఎన్ని వేసవులు, ఎన్ని జ్వరములు, ఎన్ని పూటల ప్రయాణములు! బోధకుడుగా కాలినడకను, బండ్లపైని ఊరూర తిరుగుట, ఒకచోట ఆదరణ, ఒకచోట అవమానము, చాలచోట్ల రెండును లేని ఉదాసీనత. నిప్పులో ఒకమారు దూకుట వేఱు; ప్రతిదినము పొయ్యి ఆరిపోకుండ చూచుట వేఱు. మనలో పెక్కుమందికి మొదటి దాని అవసరము జీవితములో ఎన్నడును కలుగదు. తాతముత్తాతల నాడే మన యిండ్లలో ఆ నిర్ణయము జరిగిపోయినది. మనకు మిగిలినది రెండవది. దానికి సభలు లేవు, చప్పట్లు లేవు.

ఆ పొయ్యి ఆరకుండుటకు ఆయన ఉపయోగించిన యింధన మేమి? పాట అని మా తలంపు. ఆయన నూటికి పైబడి కీర్తనలు రచించెను. వానికి తెలుగువారి కీర్తనలకుండు పల్లవియు చరణములును కలవు, రాగతాళములు కలవు. పరదేశపు వరుసకు తెలుగు మాటలను బలవంతముగ ఇరికించిన పాటలు కావవి. బ్రాహ్మణ గృహమున బాల్యము గడపిన వానికి భజన పద్ధతి చెవికి పట్టియుండుట సహజము. ఆ పద్ధతిని ఆయన వదలుకొనలేదు. దానిలోనే క్రీస్తును స్తుతించెను. తరువాతి కాలమున వివిధ సంఘములవారు సమకూర్చుకొన్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథములో ఆయన కీర్తనలు ముఖ్యస్థానము పొందినవి. సిద్ధాంతములలో ఒకరితో నొకరు ఏకీభవింపని సంఘములు సైతము ఆ పాటల వద్ద ఏకమగుచున్నవి. ఇది మాకు ఎల్లప్పుడును సంతోషము కలిగించు విషయము.

కీర్తన చేయు మేలు చదువరులకు అంతగా తెలియదు. మా యింట మా నాయనమ్మకు అక్షరము రాదు. బైబిలును కన్నుల కద్దుకొనుటయే గాని తెఱచి చదువలేదు. అయినను ఆమెకు ముప్పదికి పైగా కీర్తనలు చరణము తప్పకుండ వచ్చును. తిరుగలి విసరునప్పుడు ఆమె పాడు వేగము ఒకటి, చంటిబిడ్డను జోకొట్టునప్పుడు అదే పాటను పాడు వేగము వేఱొకటి. పండితులు తాళము తప్పినదని యందురేమో. ఆమె తాళము తిరుగలిది. ఆమెకు ప్రార్థన కొఱకు పని నాపు తీరిక ఎన్నడును దొరకలేదు. ఆ తీరిక కొఱకు ఆమె కాచుకొనియు నుండలేదు. మేము పెద్ద చదువులు చదివి, ఏకాంతము, ధ్యానము అని గ్రంథములు తిరుగవేసి, ఆమె పొందిన నెమ్మదిలో సగమైనను పొందితిమా యని అప్పుడప్పుడు లజ్జపడుచుందుము.

ఇట్లనినంత మాత్రమున పాట ఒక్కటియున్న చాలునని మా అభిప్రాయము కాదు. అలవాటగు మేలునకు ఒక కీడు తోడై యుండును. నోరు పాడుచుండును, మనస్సు ఎరువుల ధరను లెక్కించుచుండును. కుటుంబ ప్రార్థనలో ఇది మరియు హెచ్చు. మా యింట సంధ్యవేళ దీపము పెట్టగనే అందఱము కూర్చుండుట వాడుక. ఒక పాట, ఒక అధ్యాయము, ఒక ప్రార్థన. కాలక్రమమున అధ్యాయము సగమయ్యెను. పాటలో చరణములు తగ్గెను. ప్రార్థన ఏ మాటతో మొదలిడునో ఏ మాటతో ముగియునో ఇంటిలోని చిన్నపిల్లలు కూడ ముందుగనే చెప్పగలిగిరి. ఒకనాడు మాలో ఒకరు ప్రార్థన చేయుచుండగా ఐదేండ్ల పిల్లవాడు తరువాతి వాక్యమును ముందుగ అందించెను. అందఱము నవ్వితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేడియోను ఆ సమయమున ఆపుచుంటిమని గర్వించుచుంటిమే గాని, దానిని ఆపి మేము చేయుచున్న దేమి? రేడియోలో ఇట్లు చెప్పుట సాహసమే కావచ్చును. శ్రోతలు మన్నింతురు గాక.

ఎండిపోయిన యిట్టి దశ మనకు మాత్రమే కలిగినదని తలపరాదు. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునందు లారెన్సు అను నొక సహోదరుడుండెను. యౌవనమున సైనికుడు, యుద్ధమున గాయపడి కుంటివాడయ్యెను. పిమ్మట పారిసు నగరములోని కార్మెలు మఠమున చేరగా వారు ఆయనను వంటశాలలో పెట్టిరి. ఆయనకు వంటపని స్వభావముచేత గిట్టదు. ఇష్టములేని ఆ పనిలోనే సుమారు 15 సంవత్సరములు గడపెను. వృద్ధాప్యమున చెప్పులు బాగుచేయు పని యిచ్చిరి. గిన్నెల చప్పుడు, పనివారి కేకలు, ఒకేమారు నలుగురు నాలుగు వస్తువులు అడుగుట. వీని నడుమ తాను దేవుని సన్నిధిలో నున్నట్లు స్మరించుటకు ఆయన అలవాటు పడెను. ఆ అలవాటు కుదురుటకు ఏండ్లు పట్టినదని ఆయనయే ఒప్పుకొనెను. మనస్సు చెదరినదని తెలిసినప్పుడు దానికై విలపించుచు కూర్చుండక, క్షమింపుమని యడిగి, తిరిగి పనిలోను స్మరణలోను ప్రవేశించెడివాడు. 1691లో ఆయన మరణించిన పిదప ఆయన ఉత్తరములును సంభాషణలును పుస్తకముగ వెలువడినవి. లోకమంతట వంటయిండ్లలో నున్నవారు దానిని చదువుకొనుచున్నారు.

మనస్సు చెదరిన పిదప తిరిగి రావడమును గూర్చి ఆయన చెప్పినది మన జిల్లావారికి అర్థము కావలెనన్న పొందూరు పోయి చూచిన చాలును. అక్కడ నూలు వడకు స్త్రీలు వాలుగ చేప దవడ యెముకతో దూదిని దువ్వుదురు. ఆ యెముకకుండు సన్నని పండ్లు దూదిలోని నలుసును, పిక్కముక్కను తీసివేయును. పిమ్మట ఏకు చేసి రాట్నమున వడకుదురు. తీయు పోగు వెండ్రుక వలె సన్ననిది. అంత సన్నని పోగు తెగక మానునా? తెగును. తెగినప్పుడు వడకు నామె ఏమి చేయునో మేము చాలసేపు కూర్చుండి చూచితిమి. ఆమె నిట్టూర్పు విడువలేదు, రాట్నమును తిట్టలేదు, పొరుగామెతో చెప్పుచున్న మాట కూడ ఆపలేదు. రెండు కొనలను వ్రేళ్ళ నడుమ కలిపి నలిపి మరల చక్రము త్రిప్పెను. ఒక గంటలో ఎన్నిమార్లు తెగినదో లెక్కింపబోయి మేము విసిగితిమి గాని ఆమె విసుగలేదు. సాయంకాలమునకు కండె నిండెను. దానిలో అతుకు లెచ్చట నున్నవో మా కన్నులకు కనబడలేదు.

అయితే పోగు తెగుట వేఱు, రాట్నమే విరిగిపోవుట వేఱు. అట్టి సమయములును వచ్చును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటెను. ఉద్దానములోని కొబ్బరి తోటలు, జీడి తోటలు ఒక్క పూటలో నేల కొరిగెను. అక్కడ మా చిన్నాన్నగారి తోట యుండెను. కొబ్బరిచెట్టు కాపునకు రావలెనన్న ఆరేడు సంవత్సరములు పట్టును. బిడ్డను పెంచినట్లు పెంచవలెను. అరువదేండ్లు దాటిన వాడు మరల మొక్క నాటుట యనిన ఎవరి కొఱకు? మేము వారమునకు అక్కడికి చేరితిమి. కరెంటు రాలేదు. పడిన చెట్లను కోయుటకు మనుష్యులు దొరకలేదు. ఊరివారందఱకును అదే గతి గనుక ఓదార్చుటకు పొరుగువారును లేరు.

ఆయన నలువది యేండ్లుగా కుటుంబ ప్రార్థన నడిపినవాడు. ఆ సాయంకాలము దీపము పెట్టిన పిదప, తాను ప్రార్థన చేయజాలననెను. దేవుని దూషింపలేదు. నా వద్ద మాట లేదనెను. మాలో కొందఱము ధైర్యము చెప్పబోయితిమి. యోబు చరిత్ర మొదలిడితిమి. మా పిన్ని మమ్ము ఆపెను. ఆయనతో మాత్రము, “పాడనక్కరలేదు, పలుకనక్కరలేదు. వచ్చి కూర్చోండి” అనెను. ఆయన వచ్చి గోడకానుకొని కూర్చుండెను. ఆమె ఒక్కతే పాడెను. ఆ పాట పురుషోత్తమ చౌదరిగారిదే. ఆయన పెదవి కదలలేదు. మరునాడును అంతే. ఇట్లు ఎన్నాళ్ళు జరిగినదో మాకు తెలియదు. మేము తిరిగి వచ్చితిమి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన రెండవ చరణమునుండి గొంతు కలుపుట వింటిమి. మొదటి చరణము అప్పటికిని ఆమెయే పాడుచుండెను.

మాటలేని ఆ దినములలో ఆయనకు భక్తి యుండెనా లేదా యని మమ్మడిగిన, ఉండెనని చెప్పుదుము. మా యింట తరువాతి వాక్యము పిల్లవాడు అందించిన నాటి ప్రార్థనలో మాట లెన్నియో యున్నవి. ఉద్దానములోని ఆ గోడ ప్రక్కన మాట యొక్కటియు లేదు. ఏది దేవునికి చేరువగ నుండెనో ఆయనయే ఎఱుంగును గాని, మా మనస్సు మాత్రము గోడ వైపునకే మ్రొగ్గుచున్నది.

ప్రార్థనను గూర్చియే ఇంతసేపు చెప్పితిమి. భక్తి యనిన అంతియే కాదనుట శ్రోతలకు తెలియనిది కాదు. బలిపీఠము వద్ద నర్పణము నుంచి, ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని క్రీస్తుప్రభువు బోధించిన సంగతి ప్రతి క్రైస్తవుడును వినియున్నాడు. మన పల్లెలలో దాని యర్థము గట్టు తగాదా. అంగుళము గట్టు కొఱకు అన్నదమ్ములు ఏండ్ల తరబడి పలుకరించుకొనరు. ప్రభురాత్రి భోజనమునకు మాత్రము ఒకే వరుసలో వచ్చి నిలుచుందురు. తూనికలో వేలు పెట్టు వర్తకుడు, కూలి సగమే యిచ్చి తక్కినది వచ్చే వారమను రైతు, చేయి తడిపిన గాని కాగితము కదలనీయని గుమాస్తా. వీరిలో మనవారు లేరని చెప్పగలమా? వారి కీర్తనలు మన కీర్తనల కన్న బిగ్గరగా కూడ నుండును. ఈ విషయమున పెంచి చెప్పుట యనవసరము. ఎవరి త్రాసు వారి యెదుట నున్నది.

పొరుగువారిని గూర్చి యొక్క మాట. ఫాల్గుణ పూర్ణిమకు శ్రీకూర్మమున డోలోత్సవము జరుగును. నలుదిక్కుల నుండి జనము వచ్చును. ఎండ అప్పటికే ముదిరియుండును. మా యింటి అరుగు మీద ఆ దినములలో యాత్రికులు విశ్రమింతురు. మా స్త్రీలు కుండలతో చల్లని నీరు పెట్టుదురు. ఇది మా పెద్దల నాటినుండి వచ్చుచున్న వాడుక. ఒకమారు పైయూరి నుండి వచ్చిన యువకు డొకడు, ఇది మన విశ్వాసమునకు తగునా యని ప్రశ్నించెను. మా నాయనమ్మ అతనిని ఎగాదిగ చూచి, దాహమునకు నీళ్ళడిగిన సమరయ స్త్రీ కథ నీకు రాదా నాయనా యనెను. కథలో నీళ్ళడిగినది ప్రభువు, ఇయ్యవలసినది ఆ స్త్రీ. ఆమె దానిని తారుమారు చేసి చెప్పినదని అతడు సవరింపబోయెను. ఈలోగా ఆమె కుండ నింపుకొని వచ్చుటకు లోనికి పోయెను.

ఇక మా జిల్లాకు చిరకాలముగ నున్న వలసను గూర్చి చెప్పక పోరాదు. పూర్వము మనవారు ఓడలెక్కి బర్మాకు పోయిరి. ఇప్పుడు రైలెక్కి హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, గుజరాతు తీరమున చేపల పడవలపైకి పోవుచున్నారు. ఇంట మిగులువారు స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. కుటుంబ ప్రార్థనకు కుటుంబమే లేని స్థితి. పెద్ద పట్టణములో పదిమంది ఒక గదిలో పడుకొను కూలివానికి మోకరించుటకు చోటు కూడ దొరకదు. అతడు కట్టడముపైని పరంజీపై నిలిచి ఇటుక లందించుచు తనలో తాను పాడుకొనిన పాటకు సాక్షులు లేరు.

మా వీధిలో అట్టి కుటుంబ మొకటి కలదు. భర్త హైదరాబాదులో కట్టడపు పనిలో నున్నాడు. రాత్రి ఎనిమిది గంటలకు అతడు ఫోను చేయును. ముందు పిల్లల చదువు, అప్పు వాయిదా, ముసలితల్లి దగ్గు వీనిని గూర్చి మాటలాడుకొందురు. పిమ్మట ఆమె ఫోనును పీటపై పెట్టి, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టి కీర్తన యెత్తుకొనును. అతడు అక్కడినుండి పాడును. అతని గొంతు ఎంత త్వరపడినను ఒక మాట వెనుకబడియే చేరుచుండును. ఇక్కడ పల్లవి ముగిసిన తరువాత అక్కడి పల్లవి ముగియును. పెద్దపిల్ల తాళము వేయబోయి ఎవరితో కలుపవలెనో తెలియక ఆగిపోవును. చిన్నవాడు ప్రతిదినము నవ్వును. నవ్వవలదని ఆమె వానిని గిల్లును గాని పాట ఆపదు. అతని చివరి మాట చేరువఱకు ఇక్కడ అందఱును కన్నులు మూసికొని కనిపెట్టుకొని యుందురు.